మణికట్టులో గాలి

"—కత్తి పెట్టి కోశానా ఏం? కాసు పెట్టి గీరాను, అంతే! దానికి నీ మొగుడు నన్ను దొంగను చూసినట్టు చూస్తాడేంటి?"

"మెల్లగా మాట్లాడక్కా. లోపల డాక్టరున్నాడు."

"ఉండనీ. ఒంట్లో గాలి చేరితే గీరక ముద్దు పెట్టుకుంటారా? మన అమ్మమ్మ నేర్పిన విద్యే కదా, నేనేమన్నా కొత్తగా కనిపెట్టానా?"

"గీరావు సరే. ఆ పైన నూనె రాసి అంతసేపు పిండావే, అది ఎవరు చెయ్యమన్నారు?"

"నువ్వే! 'ఇంకొంచెం అక్కా, అక్కడే, ఆ బొటనవేలి కింద' అని కళ్ళు మూసుకుని మూలిగింది ఎవరు, నేనా?"

చెల్లెలు ముర్తినా పైట చెంగును కుడి చేతి మీదికి లాక్కుంది. బల్ల చివర కూర్చున్న ఆమె భర్త జుమెనో, ఒళ్ళోని రెండు హెల్మెట్లనూ సర్దుకుంటూ, "నేనెవర్నీ చూడలేదు వదినా. గోడ గడియారం చూస్తున్నాను. పిట్టలకి మేత వేసే వేళ దాటిపోయింది," అన్నాడు. ఇంటి వెనక అతను కముజు పిట్టల్ని పెంచుతాడు. ఏ తగాదా వచ్చినా అతనికి పిట్టలే గుర్తొస్తాయి.

ఇమోగిరి దారిలో ఉన్న చిన్న ఆసుపత్రి అది. మధ్యాహ్నం కావడంతో వసారాలో జనం పలుచబడ్డారు. ముర్తినా తన కుడి చేతిని పసిబిడ్డను పట్టుకున్నట్టు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. బొటనవేలి మొదలు నుంచి మణికట్టు దాకా చర్మం కందిపోయి, ఉబ్బి ఉంది. ముట్టుకుంటే వెచ్చగా తగులుతోంది. అక్క గీరిన రోజున గీతలు వేటికవి కనిపించేవి. ఇప్పుడవన్నీ ఒకదాన్లో ఒకటి కలిసిపోయి ఒకే ఎరుపయ్యాయి.

"పట్టీ బిగువుకి కందిందని చెప్పావా?" అంది అక్క కస్మి, ఈసారి గొంతు తగ్గించి.

"చెప్పాను."

"నమ్మాడా?"

"వీపు మీదైతే గీరిన గీతలని చూడగానే తెలిసి నవ్వేవాడు. మణికట్టు గీరించుకునే వెర్రిది ఉంటుందని ఎవరనుకుంటారు?"

ఎవరూ రుద్దలేదన్న మాటను డాక్టర్ సత్రియో నమ్మాడు. నమ్మడమే ఇప్పుడు ముర్తినా గుండెల మీద బరువై కూర్చుంది. కాసేపటి క్రితం అతను ఎక్స్‌రేని కిటికీ వెలుతురుకి పట్టి చూపించాడు. బొటనవేలి కింద, మణికట్టు దగ్గర, చిన్న ఎముక. దాని నడుమ పలచగా స్క్రూ ఆకారం. స్క్రూ చుట్టూ నల్లటి నీడ.

"ఇది గాలి, బు," అన్నాడతను, అమ్మా అన్నట్టు మర్యాదగా. "ఈ రకం స్క్రూల గురించి చదివాను, చూడటం ఇదే మొదలు. కరిగేటప్పుడు కొంత గాలి పుడుతుందని తెలుసు. కానీ దానికి ఇంత ఎరుపు, ఇంత వేడి రాకూడదు. చేతిని ఎవరైనా రుద్దారా? దెబ్బేమన్నా తగిలిందా?"

"లేదు."

"పట్టీ బిగువుకి చర్మం కందుతుందేమో గానీ ఇంత వేడి రాదు. అయితే ఇది లోపలినుంచి వచ్చిందే. లోపల చీము పట్టిందేమోనని నా భయం. గాలి పుట్టించే క్రిములుంటాయి. అవి చేరితే చెయ్యి మిగలదు. సాయంత్రంలోగా తెరిచి, స్క్రూ తీసేసి, శుభ్రం చెయ్యాలి."

"తీసేస్తే నా చెయ్యి?"

అతను అబద్ధం చెప్పే మనిషి కాడు. "ఎముక సగమే అతికింది. తీసిన చోట గుంట మిగులుతుంది. ముందు కట్టు కట్టి, మానాక స్టీలు వేయిస్తాం. తర్వాత బొటనవేలికి ఎంత బలం వస్తుందో ఇప్పుడు చెప్పలేను," అన్నాడు.

ముర్తినాకి ఆ చేతులే బతుకు. ఓపక్ ఏటి ఒడ్డున వాళ్ళ పల్లెలోనూ, చుట్టుపక్కల ఊళ్ళలోనూ, ఈ ముప్పై ఏళ్ళలో పుట్టిన బిడ్డల్లో ఆమె చెయ్యి పడని బిడ్డ అరుదు. తెల్లవారగానే సైకిలెక్కి బయలుదేరేది. కొబ్బరినూనెలో ఎర్ర ఉల్లిపాయ నలిపి, అరచేతులు రాచి వేడి చేసుకుని, బిడ్డ కడుపు మీద గుండ్రంగా తిప్పేది. ఆ తర్వాత తల్లి వంతు. కాన్పయిన పొట్టను పైకి సర్ది, గుడ్డతో బిగించి కట్టి, ఆ ఇంట్లో ఇచ్చిన కాఫీ తాగి, ఇంకో ఇంటికి వెళ్ళేది. ఆ సంపాదనతోనే ఇద్దరు కొడుకులనూ పెంచింది. ఇప్పుడు ఇద్దరూ పక్క ఊరి ఇటుక బట్టీల్లో పని చేస్తున్నారు.

విద్య నేర్పింది అమ్మమ్మ. అక్కచెల్లెళ్ళిద్దరికీ ఒకేసారి మొదలుపెట్టింది. అప్పుడే అచ్చులోంచి తీసిన, ఇంకా వణుకుతున్న టోఫు ముక్కల్ని చేతికిచ్చి నీళ్ళలో కడగమనేది. విరక్కూడదు. కస్మి చేతిలో రోజూ విరిగేవి. "నీది ఎద్దు చెయ్యే. నువ్వు మగవాళ్ళ నడుములు చూసుకో," అంది అమ్మమ్మ చివరికి. కస్మికి కోపం రాలేదు. రాళ్ళు మోసేవాళ్ళు, ఇసుక తవ్వేవాళ్ళు, లారీలు తోలేవాళ్ళు, అందరూ కస్మి చాప మీదే బోర్లా పడుకుంటారు. వీపంతా పులి చారలు పడేలా రాగి కాసుతో గీరించుకుని, లేచి, ఒక త్రేనుపు తేన్చి, గాలి పోయిందని సంతోషంగా ఇంటికి పోతారు.

పసిబిడ్డలు మాత్రం ముర్తినాకే. అందులో మొట్టమొదటి బిడ్డ కస్మి కూతురు రెత్నో. అప్పటికి ముర్తినాకి పెళ్ళి కూడా కాలేదు. ఆ రెత్నోకిప్పుడు నెలలు నిండుతున్నాయి. కడుపులో పిండం కదలడం మొదలైన రోజే కస్మి చెల్లెలి దగ్గరికొచ్చి, "తల్లి ఒంటి మీద పడ్డ మొదటి చెయ్యే బిడ్డ మీదా పడాలి. ముందే చెబుతున్నాను, ఇంకెవరికీ ఒప్పుకోకు," అని మాట తీసుకుని వెళ్ళింది.

ఆ తర్వాత కొన్నాళ్ళకే ముర్తినా పడింది. స్నానాలగదిలో నాచు పట్టిన గచ్చు మీద కాలు జారి, కుడి అరచేయి నేలకానింది. వాపు పెద్దగా లేదు. కస్మి అల్లం, పసుపు దుంపలు నూరి పట్టు వేసింది. ఆ పట్టుతోనే ముర్తినా ఇంకో పది మంది బిడ్డల్ని రుద్దింది. ఒకరోజు పొద్దున చెంచా పట్టుకోబోతే బొటనవేలు రాలేదు. అప్పుడు బస్సెక్కి జోగ్జా నగరంలో పెద్దాసుపత్రికి వెళ్ళింది.

అక్కడ ఎముకలు చూసే డాక్టరమ్మ పేరు హెస్తి. ముర్తినా పెద్ద కొడుకు కన్నా కొన్నేళ్ళే పెద్దదేమో. మణికట్టులో నావ ఆకారపు ఎముక ఒకటి రెండుగా విరిగిందని చెప్పి, రెండు స్క్రూలు బల్ల మీద పెట్టింది. ఒకటి స్టీలుది. ఇంకోటి అంతకన్నా మసకగా, ఎండిన లవంగమంత ఉంది.

"ఈ రెండోది కరిగిపోతుంది, బు ముర్తి. మళ్ళీ కోసి తీసే పనుండదు."

మళ్ళీ కోయడమంటే ఏమిటో ముర్తినాకి తెలుసు. వాళ్ళ వీధిలోనే దర్మో కాలిలో వేసిన స్టీలు పలక తీయించుకోవడానికి భయపడి అలాగే తిరుగుతున్నాడు. పిక్క రుద్దినప్పుడల్లా దాని అంచు ఆమె వేలికి గుచ్చుకుంటుంది. అది ఒకటి. రెండోది ఆమె డాక్టరమ్మకి చెప్పలేదు. పక్క ఊళ్ళో ఒక ముసలి పాటగత్తె ఉండేది. ముఖంలో కళ ఉండాలని వయసులో ఉన్నప్పుడు ఎవరి చేతో బుగ్గల్లో బంగారు సూదులు పెట్టించుకుంది. చివరి రోజుల్లో ఆమె ప్రాణం పోక, రాక, కొట్టుకుంది. ఒకాయనొచ్చి సూదులు తీశాకే పోయిందన్నారు. ఆ రోజుల్లో ఆమె పాదాలు రుద్దింది ముర్తినానే. ఒంట్లో లోహం ఉంచుకుని పోకూడదని అప్పుడే మనసులో పడిపోయింది.

"కరిగి ఎక్కడికి పోతుంది బు డాక్టర్?"

"సముద్రం పక్క ఇళ్ళలో తలుపు గొళ్ళేలు చూశారా, ఉప్పుగాలి వాటినెలా తినేస్తుందో? మీ ఒంట్లోనూ నీళ్ళున్నాయి, ఉప్పుంది. అవి దీన్ని పైపొర నుంచి మెల్లగా తింటాయి. ఇనుము కాదు కాబట్టి తుప్పు రాదు. మీరు తినే సోయా గింజల తెంపేలో, ఆకుకూరలో ఉండే మెగ్నీషియమే ఇందులోనూ ఉంది. కొంత నెత్తుట్లో కలిసి మూత్రంలో పోతుంది. కొంత తెల్లగా, సున్నంలా అక్కడే నిలుస్తుంది. దాని మీద మీ ఎముకే పెరిగి చోటు నింపుకుంటుంది. ఏడాదో రెండేళ్ళో పడుతుంది."

"అయితే ఒక తెంపే ముక్కే పెట్టి కుట్టేస్తే చవగ్గా పోయేది కదా."

హెస్తి నవ్వింది. "తెంపే ఎముకను పట్టుకోదు బు. ఇది పట్టుకుంటుంది. అతికేదాకా పట్టుకోవాలి, అతికాక వదిలెయ్యాలి. కిటుకంతా అందులోనే ఉంది. ఎముక ముందు అతికితే మనం గెలిచినట్టు. స్క్రూ ముందు వదిలేస్తే ఓడినట్టు." తర్వాత నవ్వు ఆపి, వేలు చూపించి చెప్పింది. "కరిగేటప్పుడు గాలి పుడుతుంది. చర్మం కింద చిటపటలాడొచ్చు. ఒళ్ళే దాన్ని పీల్చేసుకుంటుంది, భయపడొద్దు. కానీ రుద్దకూడదు. ఇంకొకరితో రుద్దించుకోకూడదు. మీ పని తెలుసు కాబట్టి మీకు ప్రత్యేకంగా చెబుతున్నాను. మాటివ్వండి."

ముర్తినా మాటిచ్చింది. ఇచ్చేటప్పుడు తప్పాలనుకోలేదు.

కరిగే స్క్రూనే వేసి, చేతికి పట్టీ కట్టి పంపారు. గాలి వస్తుందని చెప్పినట్టే వచ్చింది. ఒక తెల్లవారుజామున చెయ్యి నొక్కుకుంటే బొటనవేలి కింద చిటచిటమంది. బొరుగుల మూట మీద వేలు పెట్టినట్టుంది. ముర్తినా ఇంకోసారి నొక్కింది. మళ్ళీ చిటచిట. రోజంతా నొక్కుతూనే ఉంది. బతుకంతా ఆమె మనుషుల ఒంట్లోంచి గాలిని తరుముతూ వచ్చింది. పిల్లల పొట్ట ఉబ్బితే గాలి. తల్లికి తలనొప్పొస్తే గాలి. వానలో తడిసొచ్చినవాడికి ఒళ్ళు నొప్పులైతే గాలి. గాలిని ఒంట్లో ఉంచుకున్నవాడు బాగుపడటం ఆమె ఎప్పుడూ చూడలేదు.

"పెట్టినావిడే గాలి పుడుతుందని చెప్పిందా?" అంది కస్మి వినగానే. "చెప్పి, వదిలెయ్యమందా? చూరుకి నిప్పంటించి, అదే ఆరుతుంది నీళ్ళు పొయ్యకు అన్నట్టుంది! అవతల రెత్నోకి రోజులు దగ్గర పడుతున్నాయి. గాలి అడ్డముంటే ఎముక ఎలా కలుస్తుంది? పట్టీ విప్పు."

ముర్తినా పట్టీ విప్పింది. రాగి కాసు నూనెలో ముంచి అక్క గీరుతుంటే ఎంత హాయిగా అనిపించిందో ఎవరికీ చెప్పుకోలేదు. చాలా వారాల తర్వాత ఆ చెయ్యి మళ్ళీ తనదైనట్టు అనిపించింది. చర్మం కింద బుడగలు అటూ ఇటూ జరుగుతున్నాయి. కస్మి వాటిని మోచేతి వైపు తోసింది. తోసి, గాలి కదిలిందని సంబరపడి, బొటనవేలితో గట్టిగా పిండింది.

మూడో రోజుకి చెయ్యి ఉబ్బింది. జోగ్జా వెళితే హెస్తి ముఖం చూడాలి. అందుకే దగ్గర్లో ఉన్న ఈ ఆసుపత్రికి వచ్చారు.

ఎదురు బల్ల మీద ఒక చిన్న వయసు తల్లి ఏడుస్తున్న బిడ్డను భుజాన వేసుకుని ఊపుతోంది. బిడ్డకి రెండు నెలలు కూడా ఉండవు. కాళ్ళు పొట్టకేసి ముడుచుకుని, ముఖం కందేలా ఏడుస్తోంది. నర్సు వచ్చి అడిగింది.

"పాలు కాక ఇంకేమైనా పెట్టావా?"

"లేదు సుస్తర్. పాలే."

నర్సు లోపలికి వెళ్ళింది. ముర్తినా లేచి వెళ్ళి, ఎడమ చేతిని బిడ్డ పొట్ట మీద ఆనించింది. డోలులా బిగిసి ఉంది. బిడ్డ మెడ ముడతలో ఏదో పసుప్పచ్చగా ఎండిపోయి ఉంది.

"అరటిపండు ఎప్పుడు పెట్టావమ్మా?"

ఆ పిల్ల ఉలిక్కిపడింది. అటూ ఇటూ చూసి, "నిన్న, పెద్దమ్మా. మా అత్తగారు పెట్టారు. రెండు చెంచాలే," అంది.

"నర్సుతో ఏమీ పెట్టలేదన్నావుగా."

"తిడుతుందని."

"తిడితే చెవులకే తగులుతుంది. తెలియకపోతే ఆవిడ నీ బిడ్డకి ఏ మందిస్తుందో ఏమో. పో, పోయి చెప్పు. అత్తగారు పెట్టిందని చెప్పక్కర్లేదు, నేనే పెట్టానని చెప్పు, ఇంట్లో తగాదాలుండవు."

ఆ పిల్ల లేచి నర్సు గది వైపు వెళ్ళింది. వెనక నుంచి కస్మి కిచకిచ నవ్వింది.

"విన్నావా మెనో? నిజం చెప్పాలంట. పట్టీ బిగువుకి కందిందంట, నీ పెళ్ళానికి."

జుమెనో నవ్వలేదు. హెల్మెట్ లోపలి పట్టీని వేలితో తీస్తూ కూర్చున్నాడు. ముర్తినా వాళ్ళిద్దరి వైపూ చూడకుండా డాక్టరు గది తలుపు తోసింది.

డాక్టర్ సత్రియో నర్సుకి సాయంత్రపు ఆపరేషన్ సంగతి చెబుతున్నాడు.

"డాక్టరుగారూ, అది పట్టీ కాదు."

"ఏది, బు?"

"ఈ ఎరుపు. మా అక్క గీరింది. రాగి కాసుతో. తర్వాత నూనె రాసి పిండింది. చెయ్యమన్నది నేనే."

అతను ఆమె చేతిని వెలుతురుకి తిప్పి చూశాడు. "మణికట్టు మీదా?"

"గాలి అక్కడే కదా ఉంది."

నర్సు తల తిప్పుకుంది. నవ్వు ఆపుకుందో ఏమో. డాక్టరు మాత్రం నవ్వలేదు. "ఎవరైనా రుద్దారా అని అడిగాను కదా మిమ్మల్ని. ఆ ఎరుపును చూసే నేను మీ చెయ్యి కోయబోతున్నాను."

"అందుకే వచ్చాను."

"ఇంకేమైనా దాచారా?"

"రుద్దించుకోనని బు హెస్తికి మాటిచ్చాను. అదీ చెప్పలేదు."

అతను ఫోను తీసి జోగ్జాకి కలిపి, బల్ల మీద పెట్టాడు. ఉన్నది ఉన్నట్టు చెప్పాడు, ఎక్కువా చెయ్యలేదు, తక్కువా చెయ్యలేదు. తర్వాత హెస్తి గొంతు వినిపించింది.

"బు ముర్తి, ఎన్నిసార్లు?"

"ఒక్కసారే."

"నిజంగా?"

"రెండు."

"రెండోసారి సగమే!" అంది కస్మి తలుపు దగ్గర్నుంచి. ఆమె ఎప్పుడొచ్చి నిలబడిందో ఎవరూ గమనించలేదు.

"సగం ఎందుకు ఆపారు?" అంది హెస్తి.

"చెల్లి నొప్పన్నది."

హెస్తి తిట్టి ఉంటే ముర్తినాకి తేలికగా ఉండేది. ఆమె తిట్టలేదు. ఎక్స్‌రే బొమ్మ పంపించమంది, చూసింది, నెత్తురు పరీక్ష చేయించమంది. ఫలితం వచ్చేసరికి బయట వాన మొదలైంది. రేకుల మీద చప్పుడికి ఫోను గొంతు పెంచాల్సి వచ్చింది. నెత్తుట్లో చీము గుర్తు ఉండాల్సినదానికన్నా కొంచెం ఎక్కువుంది. భయపడేంత ఎక్కువ లేదు, తీసిపారేసేంత తక్కువా కాదు.

"గీరినా అంత పెరగొచ్చు. చీము మొదలైనా అంతే పెరగొచ్చు," అన్నాడు సత్రియో.

"స్క్రూ చుట్టూ ఉన్న నలుపు, అది కరుగుతూ వదిలిన గాలే కావచ్చు," అంది హెస్తి. "ఎరుపు ఆ కాసు చేసిన పనే కావచ్చు. కావచ్చు అంటున్నాను బు, అవుననడం లేదు. ఇద్దరం ఇలా ఫోనులో చెప్పగలిగింది ఇంతే. మీ ముందు రెండు దారులున్నాయి. ఇవాళే తెరిచి తీసేయొచ్చు. లేదా అక్కడే మంచం మీద ఉండి, సూదిమందు తీసుకుంటూ, రోజూ పొద్దున్నే చూపించుకోవచ్చు. జ్వరం వస్తే, వాపు పెరిగితే, అప్పుడు తెరవక తప్పదు. అప్పటికి పాడయ్యేది ఇంకా ఎక్కువుండొచ్చు."

"తీయించెయ్యి," అంది కస్మి వెంటనే. ఆమె ముఖంలో ఇందాకటి నవ్వు లేదు. చేతులు పైట చెంగులో చుట్టుకుని నిలబడింది. "ఆ గాలిపుట్టను లోపల పెట్టుకుని ఎన్నాళ్ళు కూర్చుంటావు? రేపు చీమంటే నా వల్లే కదా. నాకు నిద్ర పట్టదు."

"నీ నిద్ర కోసం నా చెయ్యి కోయించుకోనా?"

"కోయించుకోమనేది నీ చెయ్యి కోసమే, మొద్దుదానా!"

"మెనో, నువ్వేమంటావు?" అంది ముర్తినా.

జుమెనో గుమ్మం బయటే ఉన్నాడు. "నేనేం చెప్పను? ఎముక సగం అతికిందంటున్నారు. మిగతా సగం కూడా అతికితే బాగుండునని ఉంది. చెయ్యంతా పోతే అని కూడా ఉంది." అంతకన్నా పొడుగ్గా అతను మాట్లాడగా ముర్తినా ఎన్నడూ వినలేదు.

ఆమె ఫోను మీదికి వంగింది. "బు డాక్టర్, ఉంచుకుంటే, అంతా బాగైతే, నేను పనిలోకి ఎప్పుడు పోవచ్చు?"

"అక్కడే ఉంది అసలు సంగతి," అంది హెస్తి. "ఈ వాపు తగ్గాక కొన్ని వారాలకి మీకు నయమైపోయినట్టే ఉంటుంది. నొప్పుండదు. పసిబిడ్డను రుద్దడానికి బలమెంత కావాలి, దూదిని ముట్టుకున్నట్టే కదా అనుకుంటారు. కానీ మీరు తిప్పే ప్రతిసారీ ఆ బరువు బొటనవేలి మొదట్లో పడుతుంది, సరిగ్గా ఆ నావ ఎముక మీద. అప్పటికి స్క్రూ సన్నబడి ఉంటుంది. ఎముక ఇంకా గట్టిపడి ఉండదు. ఈ వానలు పోయి, ఎండాకాలం పోయి, మళ్ళీ వానలు మొదలయ్యేదాకా ఎవర్నీ రుద్దకూడదు."

"మా రెత్నో బిడ్డను కూడానా? ఒక్కసారి, మొదటి రోజు, అంతే?"

"ఆ బిడ్డను కూడా."

కస్మి పైట చెంగును చేతుల చుట్టూ ఇంకో చుట్టు బిగించింది.

"ఒక మాట చెబుతాను, కోపం తెచ్చుకోకండి," అంది హెస్తి. "ఒకసారి నాకిచ్చిన మాట తప్పారు. ఈసారి కూడా నిలబెట్టుకోలేననిపిస్తే ఇప్పుడే చెప్పండి. తప్పేం లేదు. డాక్టర్ సత్రియో దాన్ని తీసేస్తారు, కట్టు కడతారు, తర్వాత నేను స్టీలు వేస్తాను. స్టీలు మాట వినని మనుషుల్ని కూడా కాస్త ఓర్చుకుంటుంది. ఇది ఓర్చుకోదు. దానికి మీ సాయం కావాలి. బొటనవేలి బలం మునుపటిలా రావాలంటే మాత్రం, నా లెక్కలో, ఎముకను కదపకుండా ఉంచడమే మంచి దారి. కానీ దాన్ని ఉంచాల్సింది నేను కాదు."

డాక్టర్ సత్రియో గోడ గడియారం వైపు చూశాడు. తొందర పెట్టలేదు. ఆపరేషన్ గది సిద్ధం చెయ్యమనాలో వద్దో తెలియక నర్సు తలుపు దగ్గర నిలబడింది.

ముర్తినా కుడి చేతిని బల్ల మీద పెట్టి ఎడమ అరచేతిని దాని మీదికి తెచ్చింది. అలవాటు కొద్దీ బొటనవేలు ఆ ఉబ్బు వైపు జరిగింది, చిటచిట ఇంకా ఉందో లేదో చూద్దామన్నట్టు. ముట్టుకోకుండానే వెనక్కి తీసుకుంది. తీసుకుని, ఆ ఎడమ చేతిని ఒళ్ళో పెట్టుకుంది. రెత్నో పుట్టిన రోజున ఆ పిల్ల పొట్ట తన అరచేయంత కూడా లేదు. నూనె ఎక్కువైందని అమ్మమ్మ తిట్టింది. చిన్న వేళ్ళు తన బొటనవేలిని పట్టుకుని వదల్లేదు.

"అక్కా, రెత్నోకి ఇంకా ఎన్ని రోజులున్నాయి?"

"నెల రోజులన్నారు," అంది కస్మి. "వారం అటూ ఇటూ."

ముర్తినా తలూపింది. తర్వాత డాక్టరు వైపు తిరిగి, గొంతు పెంచి, ఫోనులో ఉన్నావిడకి కూడా వినపడేలా చెప్పింది.

"తెరవొద్దు డాక్టరుగారూ. ఉంచండి. నాకు మంచం చూపించండి, ఉంటాను." అక్క వైపు చూసింది. "ఏటి అవతల సుమినా అని ఉంది, పిల్లల్ని బాగా రుద్దుతుంది. రేపే వెళ్ళి రెత్నో సంగతి చెప్పి మాట తీసుకో అక్కా. బిడ్డ మీద నా చెయ్యి పడదు."